ఫుట్‌బాలు వీరుడు హ్యూ గాలహరు

పేరు గడించుట యొకటి; ఆ పేరువలని ఫలమును అనుభవించుట మరియొకటి. పాలికాపు చెమటతో పండిన పంట వాని గాదెకు చేరనట్లే, క్రీడారంగమున మహావీరుడనిపించుకొన్న వాని కష్టఫలము వానికే దక్కునను నియమము లేదు. స్కాట్లండు దేశీయుడైన హ్యూ గాలహరు చరిత్రము ఇందులకు తార్కాణము.

గాలహరు 1903వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన లానర్కుషైరులోని బెల్స్‌హిల్లు అను ఊర జన్మించెను. అది బొగ్గుగనుల సీమ. పిన్న వయసుననే అతడును గనిపనికి పోయెను. ఆ చీకటినుండి అతనిని వెలుపలికి తెచ్చినది బంతియాట. అతని పొడవు 5 అడుగుల 5 అంగుళములు మాత్రమే. ఆడు స్థానము సెంటరు ఫార్వర్డు. అనగా ముందువరుస నడుమ నిలిచి ఎదిరిపక్షపు గోలులోనికి బంతిని కొట్టవలసినవాడు. బలిష్ఠులైన రక్షకుల నడుమకు ఈ పొట్టివాడు పద్మవ్యూహమున అభిమన్యునివలె చొచ్చెడివాడు. అభిమన్యుడెరుగని నిర్గమమును సైతము ఇతడెరుగును.

మొదట డంఫ్రీసు పట్టణపు క్వీన్ ఆఫ్ ది సౌత్ జట్టున ఆడుచుండగా ఊపిరితిత్తుల వాపుతో ఆసుపత్రి పాలయ్యెను. కోలుకొని 1921లో ఎయిర్‌డ్రీ జట్టున చేరెను. 1924లో ఆ చిన్న పట్టణపు జట్టు స్కాటిష్ కప్పును గెలిచెను. 1925 డిసెంబరులో ఇంగ్లండులోని న్యూకాసిలు క్లబ్బువారు 6,500 పౌనులిచ్చి అతనిని కొనిరి. నాయకుడై అతడు 1926-27 లీగు పోటీలలో 38 ఆటలాడి 36 గోలులు కొట్టి ప్రథమ శ్రేణి విజయమును సాధించిపెట్టెను. ఆ క్లబ్బుకు అట్టి విజయము నాలుగవది, కడపటిదియు నదియే. 1928 మార్చి 31న వెంబ్లీలో స్కాట్లండు ఇంగ్లండును 5-1తో ఓడించినప్పుడు ముందువరుస నడుమ నిలిచినవాడు ఇతడే.

గుణముతోపాటు దోషమును చెప్పుట న్యాయము. ఎదిరివారు అతని మోకాళ్లను, పిక్కలను తన్నుట నిత్యకృత్యము. అతడు దెబ్బను ఓర్చునుగాని అన్యాయమును ఓర్చలేడు. ఒక ఆట ముగిసిన పిదప, తీర్పరి స్నానపు తొట్టి కడ వంగియుండగా అతనిని తొట్టిలోనికి త్రోసి రెండు మాసముల నిషేధమునకు గురియయ్యెను. మద్యపానమును అతనికి మేలు చేయలేదు.

1930లో న్యూకాసిలువారు అతనిని లండనులోని చెల్సీ క్లబ్బునకు 10,000 పౌనులకు అమ్మిరి. ఈ సొమ్మెవరికి చేరెనో చదువరులు గమనింపవలెను. సంతలో ఎద్దునమ్మిన పైకము ఎద్దునకు రాదు గదా! అట్లే ఆ ధనమంతయు అమ్మిన క్లబ్బుదే. 1922 నుండి ఆటగాని జీతమునకు హద్దు కలదు: ఆటలు జరుగు 37 వారములు వారమునకు 8 పౌనులు, మిగిలిన 15 వారములు 6 పౌనులు. ఎంతటి వీరుడైనను ఏడాదికి 386 పౌనులకు మించదు. చెల్సీ చెల్లించిన మూల్యము 25 ఏండ్ల జీతమును మించినది. ఒడంబడిక గడువు తీరినను, పాత క్లబ్బు అనుమతి లేనిదే ఆటగాడు వేరొక క్లబ్బున చేరరాదు.

ఆ సెప్టెంబరు 3న అతడు చెల్సీ పక్షమున న్యూకాసిలుకు ఆడవచ్చినప్పుడు 68,386 మంది ప్రేక్షకులు కూడిరి. ఆ మైదానమున నంతమంది మరెన్నడును చేరలేదు. తమ వీరుని అమ్మినవారు ఆనాటి ప్రవేశ రుసుమును సైతము గడించిరి.

మొదటి భార్యతో విడాకుల వ్యాజ్యపు ఖర్చులు పెరిగి 1934లో అతడు దివాలా తీసెను. ఆ యేడే డెర్బీ క్లబ్బు 2,750 పౌనులకు కొనెను. ఆ డిసెంబరులో బ్లాక్‌బర్నుపై ఒక్క ఆటలో ఐదు గోలులు కొట్టి తన సత్తువ తరుగలేదని చాటెను. కాని వయసు మీరుచుండగా ధర దిగెను: 1936లో నాట్సు కౌంటీకి 2,000, 1938లో గ్రిమ్స్‌బీకి 1,000, ఆ యేడే గేట్స్‌హెడ్డుకు 500 పౌనులు. 1939లో యుద్ధము రాగా ఆట ముగిసెను. దాదాపు 540 లీగు ఆటలలో అతడు కొట్టిన గోలులు 380కి పైబడినవి.

పిదప గేట్స్‌హెడ్డుననే కాపురముండి చిల్లర ఉద్యోగములతోను, పత్రికలకు ఆటల వార్తలు వ్రాసియు కాలము గడపెను. రెండవ భార్య 1950 చివర మరణింపగా బిడ్డల పెంపకము అతనిపై బడెను. 1957లో కోపావేశమున కొడుకును గాయపరచెనను అభియోగము వచ్చెను. బిడ్డపై ప్రాణము పెట్టుకొన్న ఆ తండ్రి సిగ్గుతో, పశ్చాత్తాపముతో క్రుంగిపోయెను. న్యాయస్థానమున హాజరు కావలసిన దినమునకు ముందునాడు, జూన్ 11న, రైలుపట్టాలపై తన ప్రాణమును తానే తీసికొనెను. అప్పటికి వయస్సు 54. తొట్రుపడిన వేళ చేయూతనిచ్చు కట్టుబాటేదియు ఆ ఆటలో ఆనాడు లేదు.

1961 జనవరిలో జీతపు హద్దు తొలగెను. 1963లో జార్జి ఈస్టుహాము అను ఆటగాడు తెచ్చిన వ్యాజ్యమున, గడువు తీరినను ఆటగానిని కట్టివేయు నియమము అన్యాయమని ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యమున ప్రతివాది, ఒకనాడు గాలహరును అమ్మిన న్యూకాసిలు క్లబ్బే. న్యాయము వచ్చెను, వచ్చుసరికి అతడు గతించి ఆరేండ్లయ్యెను.

గాలహరు గోలుల లెక్కను లోకము మరువలేదు. అతని కూలి లెక్కనుకూడ దాని ప్రక్కన నుంచి చదివినప్పుడే ఆ జీవితపు జమాఖర్చు సరిపడును.