నాడిని చదివిన వైద్యుడు

నెలలు నిండుతున్న స్త్రీ వైద్యశాలకు వచ్చినప్పుడల్లా అక్కడివారు రెండు పనులు తప్పక చేస్తారు. జబ్బకు పట్టీ చుట్టి రక్తపు పోటు కొలుస్తారు. మూత్రాన్ని పరీక్షించి, అందులో మాంసకృత్తు దిగుతున్నదేమో చూస్తారు. ఆ స్త్రీకి ఏ బాధా ఉండకపోవచ్చు. ఇంటిపని ముగించుకొని కాలినడకనే వచ్చి ఉండవచ్చు. అయినా ఆ రెండు పరీక్షలూ మానరు. గర్భిణులకు దాపురించే ఆపదలలో ఒకటి మొదట ఏ బాధా తెలియనివ్వదు. పోటు మెల్లగా హెచ్చుతుంది. కాళ్లకూ ముఖానికీ నీరు పడుతుంది. పిమ్మట తీవ్రమైన తలనొప్పి వస్తుంది, కళ్లు మసకలు కమ్ముతాయి. ఆపైన ఒళ్లు కొయ్యబారి, కాళ్లూ చేతులూ కొట్టుకొని, తెలివి తప్పుతుంది. ఆ చివరి దశనే తెలుగునాట గుర్రపు వాతం అంటారు. అంతవరకు వస్తే తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయమే.

బాధ పుట్టక మునుపే ఇటువంటి రోగాల జాడ తెలుసుకోవచ్చుననీ, ఆ జాడ నాడిలోనే ఉన్నదనీ చూపినవారిలో అగ్రగణ్యుడు డాక్టరు ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్. ఆయన జీవించినది 35 సంవత్సరాలు మాత్రమే. పుట్టి పెరిగినది ఆంగ్లదేశంలోనైనా, ఆయన పేరులోనే భారతదేశపు గుర్తు ఉన్నది.

ఆయన తాత షేక్ దీన్ మహమ్మద్ 1759లో పాట్నాలో జన్మించాడు. పసితనం వీడకముందే ఈస్టిండియా కంపెనీ వారి బెంగాలు సైన్యంలో చేరి, 1784లో తన అధికారి వెంట ఐర్లాండు వెళ్లాడు. అక్కడే ఒక ఐరిష్ యువతిని వివాహమాడాడు. 1794లో తన యాత్రలను ఆంగ్లంలో గ్రంథంగా ప్రచురించాడు. భారతీయుడు ఆంగ్లంలో వ్రాసి ప్రచురించిన గ్రంథాలలో అదే మొదటిదని చరిత్రకారులు చెబుతారు. 1810లో లండన్‌లో భారతీయ వంటకాలు వడ్డించే భోజనశాల తెరిచి నష్టపోయాడు. పిదప సముద్రతీరాన ఉన్న బ్రైటన్ పట్టణంలో ఆవిరి స్నానాలతో, ఒళ్లు మర్దించే వైద్యంతో పేరు గడించి, ఇద్దరు రాజుల కొలువులో మన్నన పొందాడు. ఆయన కుమారులలో ఒకడు బ్రైటన్‌లో కత్తిసామూ వ్యాయామమూ నేర్పేవాడు. ఆ ఇంట 1849 ఏప్రిల్ 11వ తేదీన ఫ్రెడరిక్ అక్బర్ జన్మించాడు. రెండేళ్లు నిండకముందే తాత గతించాడు.

బ్రైటన్‌లోని వైద్యశాలలో తొలిపాఠాలు నేర్చుకొని, 1869లో ఆ యువకుడు లండన్‌లోని గైస్ వైద్యశాలలో విద్యార్థిగా చేరాడు. అది సామాన్యమైన విద్యాలయం కాదు. ఆ కాలపు వైద్యులందరి నోటా నానిన బ్రైట్ వ్యాధికి పేరిచ్చిన రిచర్డ్ బ్రైట్ పనిచేసినది అక్కడనే. ఒళ్లు నీరు పట్టిన రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మంటపై కాచి చూడడం ఆయన పద్ధతి. కోడిగ్రుడ్డులోని తెల్లసొన వేడికి గడ్డకట్టినట్లు ఆ మూత్రం తెల్లబడితే, మాంసకృత్తు దిగుతున్నదన్నమాట, మూత్రపిండాలు చెడినవన్నమాట. ఈ సంగతిని ఆయన 1827లో లోకానికి చాటాడు.

ఆ తరువాత 1843లో అదే వైద్యశాలకు చెందిన జాన్ లీవర్ అనే ప్రసూతి వైద్యుడు ఒక విశేషం కనిపెట్టాడు. గుర్రపు వాతం వచ్చిన స్త్రీల వాచిన ముఖాలు చూడగా ఆయనకు బ్రైట్ రోగులు జ్ఞప్తికి వచ్చారు. వారి మూత్రాన్ని కాచి చూడగా, ఒక్కరికి తప్ప అందరికీ మాంసకృత్తు కనిపించింది. ఆరోగ్యంగా ప్రసవించిన స్త్రీలలో అది లేదు. బ్రైట్ వ్యాధి వదలకుండా పట్టి పీడిస్తుంది. ఈ స్త్రీలలోనో, ప్రసవం కాగానే మాంసకృత్తు తగ్గి మాయమవుతూ వచ్చింది. అందువల్ల ఇది వేరొక వ్యాధి కావాలని తోచింది. ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ కూడా ఆ సంవత్సరమే మాంసకృత్తు సంగతి గుర్తించాడు.

మహమ్మద్ వైద్యవిద్యలో అడుగుపెట్టేనాటికి ఈ విషయాలు పాఠాలలో చేరిపోయినవి. వాటితోపాటు ఒక నమ్మకం కూడా స్థిరపడింది. మూత్రంలో మాంసకృత్తు ఉంటేనే రోగమున్నట్లు, లేకుంటే లేనట్లు. గుండె పెరగడం, ధమనులు బిరుసెక్కడం వంటి మార్పులన్నీ మూత్రపిండాలు చెడిన పిమ్మట వచ్చే ఫలితాలేనని పెక్కుమంది తలచేవారు. ఈ వరుస నిజమేనా అన్న ప్రశ్నే ఆ యువకుని జీవితాన్ని నడిపింది.

నాడి పట్టి చూడడం ప్రాచీన విద్య. వేలి కొసకు నాడి గట్టిగా తగులుతున్నదో మెత్తగా తగులుతున్నదో అనుభవజ్ఞుడు చెప్పగలడు. కాని ఒకరి వేలికి తెలిసినది మరొకరికి చూపడం ఎట్లా? నిన్నటి నాడికీ నేటి నాడికీ భేదం ఎంతో కొలవడం ఎట్లా? ఫ్రాన్సులో మరే అనే శాస్త్రజ్ఞుడు 1860లో దీనికొక యంత్రం నిర్మించాడు. మణికట్టు వద్ద ధమనిపై ఒక చిన్న మీట ఆనుతుంది. నాడి ఎగసినప్పుడల్లా మీట లేస్తుంది. గడియారపు యంత్రం లాగుతూ ఉన్న మసిపూసిన కాగితంపై మీట కొస కదలి, కొండల వరుస వంటి గీత గీస్తుంది. ఈ నాడీలేఖిని గీతలు చూడడానికి బాగుండేవే గాని, పోటు ఎంతో కొలిచి చెప్పేవి కావు. విద్యార్థి దశలోనే మహమ్మద్ ఆ లోటు పూరించాడు. ధమనిని నొక్కే తీగచుట్ట ఎంత బరువుతో నొక్కుతున్నదో తెలిపే ఏర్పాటు చేర్చాడు. గీత చక్కగా రావడానికి ఎంత నొక్కాలో అదే పోటుకు కొలత. గీత ఆకృతి కూడా ఆయనకు భాషవలె అర్థమయ్యేది. శిఖరం నుంచి గీత చటుక్కున జారిపోతే పోటు తక్కువ. శిఖరం ప్రక్కన భుజంలాగా నిలిచి మెల్లగా దిగితే పోటు హెచ్చు. ఈ కృషికి 1871లో గైస్ విద్యార్థి సంఘపు బహుమతి లభించింది.

పట్టం పుచ్చుకొన్న పిమ్మట ఆయన లండన్ జ్వర వైద్యశాలలో ఉద్యోగంలో చేరాడు. ఒళ్లంతా ఎర్రని దద్దులు వేసే స్కార్లెట్ జ్వరంతో పిల్లలు అక్కడికి వచ్చేవారు. జ్వరం తగ్గి, బిడ్డ లేచి ఆడుకొనే వేళకు, కొందరికి ముఖం ఉబ్బి, మూత్రంలో మాంసకృత్తు దిగేది. అప్పుడు వైద్యులు మూత్రపిండాలు చెడినవని గుర్తించేవారు. మహమ్మద్ అంతవరకు ఆగలేదు. కోలుకొంటున్న పిల్లల మణికట్లకు తన యంత్రం కట్టి మళ్లీ మళ్లీ గీతలు తీశాడు. వాటిని మూత్రపరీక్షలతో పోల్చి చూడగా సత్యం తేటపడింది. మాంసకృత్తు దిగక మునుపే పోటు హెచ్చుతున్నది! మూత్రం నిర్మలంగా ఉన్న దినాలలోనే నాడి రాబోయే కీడును తెలుపుతున్నది. అటువంటి వేళ విరేచనానికి మందిచ్చి, జాగ్రత్తలు తీసుకొంటే కొందరికి ఆపద తప్పినట్లు కూడా ఆయన గమనించాడు. 1874లో ఆయన ఈ సంగతులన్నీ ఒక వ్యాసంగా ప్రకటించాడు. అప్పటికి ఆయన వయస్సు 25.

పోటు హెచ్చే పరిస్థితులను పేర్కొంటూ ఆయన సీసపు విషం ఎక్కినవారితో, కీళ్లవాతం కలవారితో పాటు గర్భిణులను కూడా చేర్చాడు. లీవర్ చెంచా గర్భిణికి సోకిన వ్యాధిని చూపింది. మహమ్మద్ మీట దానికి ముందున్న మెట్టును చూపింది. గర్భిణుల వ్యాధిని వేరుచేసి దాని మూలం తేల్చడం ఆయన వల్ల కాలేదు. ఆ కాలపు సాధనాలతో అది ఎవరి వల్లా కాలేదు. కాని కాచి తెల్లబడిన మూత్రం కోసం ఎదురుచూడక, మణికట్టు పట్టి చూడవలసిన కారణం ఆయన పరిశోధనలో ఉన్నది.

1877లో ఆయన గైస్ వైద్యశాలకు తిరిగివచ్చి, రోగుల చరిత్రలను భద్రపరిచే పదవిలో నియుక్తుడయ్యాడు. శవపరీక్షలతో జీవితకాలపు నాడీలేఖలను సరిపోల్చుతూ, 1879లోనూ 1881లోనూ విపులమైన వ్యాసాలు వ్రాశాడు. పోటు హెచ్చుగా ఉండి కూడా ఆరోగ్యవంతులుగా తిరిగేవారు ఎందరో ఉన్నారనీ, వారి మూత్రంలో మాంసకృత్తు లేకున్నా కాలక్రమాన వారి గుండె, ధమనులు, మూత్రపిండాలు దెబ్బతింటాయనీ చెప్పాడు. మూత్రపిండాలు చెడి పోటు వచ్చేవారితోపాటు, పోటు వచ్చి మూత్రపిండాలు చెడేవారు కూడా ఉన్నారు. నేడు వైద్యులు రక్తపు పోటును ప్రత్యేక వ్యాధిగా ఎంచడానికి ఇది తొలి పునాదులలో ఒకటి.

ఆయనకు విశ్రాంతి తెలియదు. వైద్యశాలలో కొలువు చేస్తూనే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చదివి 1881లో పట్టభద్రుడయ్యాడు. ఆ సంవత్సరమే గైస్‌లో సహాయ వైద్యుడయ్యాడు. క్షయరోగులకు ప్రత్యేకమైన ముఖలక్షణం ఉంటుందన్న నమ్మకాన్ని ఫ్రాన్సిస్ గాల్టన్‌తో కలిసి ఛాయాచిత్రాల ద్వారా పరీక్షించాడు. ఆ నమ్మకానికి ఆధారం దొరకలేదని 1882లో ఇద్దరూ ప్రకటించారు.

అన్నింటికంటె దూరదృష్టి గల పని మరొకటి ఉన్నది. ఒక వైద్యుడు ఒక వైద్యశాలలో చూడగల రోగులు కొద్దిమంది. దేశమంతటా వేలాది వైద్యులు ప్రతిదినం రోగులను చూస్తూనే ఉంటారు. వారందరికీ ఒకే రకపు ప్రశ్నలు పంపి, వచ్చిన సమాధానాలు కూర్చితే ఎంత జ్ఞానం పోగవుతుంది! ఈ సమష్టి పరిశోధనా ప్రయత్నానికి బ్రిటిష్ వైద్య సంఘం పూనుకొన్నది. దానికి ప్రాణం పోసినవారిలో మహమ్మద్ ముఖ్యుడు. 1883లో దాని తొలి సంపుటం వెలువడింది.

కాని ఆ పనికి ఫలం చూసే యోగం ఆయనకు లేకపోయింది. 1884 శరదృతువులో ఆయనకు టైఫాయిడు జ్వరం సోకింది. ఏ జ్వరరోగుల నడుమ ఆయన తన పరిశోధన ప్రారంభించాడో, అటువంటి రోగి నుంచే అది అంటుకొన్నదని చెబుతారు. ఆ జ్వరాన్ని కుదిర్చే మందు ఆనాడు ఏ వైద్యుని వద్దా లేదు. నవంబరు 22వ తేదీన, భార్యనూ పసిబిడ్డలనూ విడిచి ఆయన కన్నుమూశాడు.

ఆయనతోపాటు ఆయన కీర్తి కూడా చాలాకాలం మరుగుపడింది. నాడీలేఖినిని సరిగా కట్టడానికి మంచి నేర్పు కావాలి. ఆయన చేతిలో మాట్లాడిన యంత్రం ఇతరుల చేతిలో మూగబోయింది. 1896లో ఇటలీకి చెందిన రివా రోచీ జబ్బకు చుట్టే గాలిపట్టీ నిర్మించాడు. మరుసటి సంవత్సరం పారిస్‌లో వకే, నోబెకూర్ అనే వైద్యులు గుర్రపు వాతం వచ్చిన స్త్రీలకు పోటు హెచ్చుగా ఉంటుందని కొలిచి చూపారు. 1905లో రష్యాకు చెందిన కొరట్కోవ్ ధమనిలోని చప్పుడు విని పోటు కొలిచే పద్ధతి కనిపెట్టాడు. దానితో అది ఏ పల్లె వైద్యశాలలోనైనా చేయదగిన పరీక్ష అయింది. గర్భిణులను నెలనెలా పరీక్షించే ఆచారం పిమ్మట వ్యాపించింది.

ఆయన చూపిన తోవ ఎంత సరియైనదో తరువాతి కాలం రుజువు చేసింది. గర్భం 20 వారాలు దాటిన పిమ్మట పోటు 140/90కి చేరితే వైద్యులు జాగ్రత్తపడతారు. పూర్వం మాంసకృత్తు కూడా కనిపిస్తేనే గుర్రపు వాతపు ముందు దశ అనేవారు. 2013లో అమెరికాలోని ప్రసూతి వైద్యుల సంస్థ ఆ నియమం సడలించింది. మాంసకృత్తు లేకున్నా, హెచ్చిన పోటుతోపాటు కాలేయం, మూత్రపిండాలు, మెదడు వంటి అవయవాలకు హాని గుర్తులు ఉంటే చాలునన్నది. మాంసకృత్తు లేనంత మాత్రాన రోగం లేనట్లు కాదని మహమ్మద్ వ్రాసి అప్పటికి 130 సంవత్సరాలు దాటింది.

ఆయన కలగన్న సమష్టి పరిశోధన కూడా ఫలించింది. 33 దేశాలలో 10,000 మందికి పైగా స్త్రీలు పాల్గొన్న ఒక పరిశోధన 2002లో ప్రచురితమైంది. చౌకగా దొరికే మెగ్నీషియం సల్ఫేటు అనే లవణం ఇస్తే గుర్రపు వాతం వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గుతుందని అందులో తేలింది. అయినా పోరాటం ముగియలేదు. మాయ సరిగా నాటుకొనకపోవడంలో ఈ వ్యాధికి మూలమున్నదని తెలిసినా, ప్రసవం తప్ప దానిని పూర్తిగా తొలగించే చికిత్స లేదు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు ప్రచురించిన లెక్క ప్రకారం, గర్భిణీ బాలింతల మరణాలలో నూటికి 14 రక్తపు పోటు సంబంధమైనవి. వానిలో పెక్కు సకాలంలో పరీక్ష జరిగితే తప్పేవే.

అందుకే ఏ బాధా లేని స్త్రీ జబ్బకు కూడా పట్టీ చుట్టి చూస్తారు. ఆమె ఇంకా చెప్పలేని మాటను ఆమె నాడి చెప్పగలదు. ఆ మాటను కాగితంపై వ్రాయించిన మహమ్మద్ 35 ఏళ్లకే వెళ్లిపోయాడు. ఆయన నేర్పిన చదువు మాత్రం ప్రతి గర్భిణి మంచం వద్దా సాగుతూనే ఉన్నది.