దుమ్ముగూడెపు కొండలలో సంఘము నాటిన హేగ్ దొరగారు

ఈ నెల మన ధ్యానమునకు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయమును తీసికొనియున్నాము. అక్కడ పౌలు తన్నును అపొల్లోను సేద్యగాండ్రతో పోల్చి, పైరు పెరుగుట మాత్రము మనుష్యుల చేతిలోని పని కాదని బోధించుచున్నాడు. గోదావరి రైతులమైన మనకు ఈ పోలికను విప్పి చెప్పనక్కరలేదు. నారు పోసినవాడే కుప్ప నూర్చునను నియమము లేదు. ఒక్కొక్కప్పుడు దున్నినవాడు కోత చూడకయే కన్ను మూయును.

అన్నవరము స్టేషనులో దిగి ఉత్తరముగా చూచినయెడల కొండలు కనబడును. ఏలేశ్వరము దాటి అడ్డతీగల వరకు, అటుపైన రంపచోడవరము వరకు మన్యమే. మన సంఘములలో అనేకులు చింతపండు కొరకును, అడ్డాకుల కొరకును, చీపుళ్ల కొరకును ఆ ప్రాంతమునకు పోయి వచ్చుచుందురు. ప్రార్థన కూటములలో కొండవారిని గూర్చి ప్రార్థించుచునే యున్నాము. అయితే ఎవరు పోవుదురని అడిగినప్పుడు అందరము తలలు వంచుకొందుము. ఇది మీపై నేరము మోపుటకు వ్రాయుట లేదు. కాపరులమైన మేమే మొదట తల వంచినవారము. అందుచేతనే మన గోదావరి పైభాగమున కొండవారి మధ్య సంఘము నాటుటకు పూనుకొనిన ఒక దైవజనుని జీవితమును ఈ నెల మీ యెదుట పెట్టుచున్నాము.

కాటన్ దొరగారి పేరు ఎరుగనివారు మన డెల్టాలో లేరు. ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసెను. ఆ కాలమున ఆయన క్రింద పనిచేసిన చిన్న వయస్సు ఇంజనీర్లలో ఫెలిక్స్ థాకరే హేగ్ గారు ఒకరు. ఆయన 1827లో జన్మించెను. మద్రాసు సైన్యపు ఇంజనీర్ల దళములో చేరి ఈ దేశమునకు వచ్చెను. కోనసీమవారు ఆయన పనిని చూచియే యుందురు. వైనతేయ పాయమీదుగా కాలువ నీటిని ఆవలి లంకకు దాటించుటకు 1850ల ఆరంభమున గన్నవరమునొద్ద 49 కమానులతో అక్విడక్టు కట్టబడెను. ఒక్కొక్క కమాను వెడల్పు 40 అడుగులు. ఆ పని నడిపించినది ఈ హేగ్ గారే. 2000వ సంవత్సరమున దాని ప్రక్కనే క్రొత్త అక్విడక్టు వచ్చెను. దానికి అన్నదాతయైన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. అయితే నూట నలువది యేండ్లకు పైగా ఆ లంకలకు అన్నము పెట్టినది ఆ పాత కమానుల మీద పారిన నీరే.

అటు తరువాత ఆయనకు మరియొక పని అప్పగింపబడెను. నాగపూరు, వార్ధా దేశములలో పండిన ప్రత్తిని గోదావరి మీదుగా పడవలలో సముద్రమునకు దింపవలెనని కాటన్ గారి ఆలోచన. అయితే పైభాగమున నదికి అడ్డముగా మూడు చోట్ల బండరాళ్లు పరచుకొనియున్నవి. భద్రాచలమునకు ఎగువనున్న దుమ్ముగూడెము వాటిలో మొదటిది. అక్కడ ఆనకట్టయు, లాకులును, కాలువయు కట్టి పడవలకు దారి చేయుటకు హేగ్ గారు పూనుకొనిరి. ఆ రేవునకు చుట్టునున్నది దట్టమైన అడవి, కొండలు. అందులో కాపురమున్నవారు కోయలు.

కోయలు తమ భాషలో తమ్మును కోయితోరు అని చెప్పుకొందురు. వారి మాట గోండుల మాటకు దగ్గర. అడవిలో కొంత మేర నరికి కాల్చి, ఆ బూడిదలో జొన్నలు, సామలు చల్లి పోడు వ్యవసాయము చేసెడివారు. ఒకచోట భూసారము తగ్గగా మరియొక చోటికి సాగిపోవుదురు. ఇప్పపువ్వు వారికి ఆహారమును పానీయమును. మైదానపువారనగా వారికి భయము. ఉప్పు, గుడ్డ తీసికొనివచ్చి తప్పు తూనికలతో ధాన్యమును పట్టుకొనిపోవువారినే వారు ఎక్కువగా చూచియుండిరి. 1860లోనే ఆ భద్రాచలము, రేకపల్లి తాలూకాలు నిజాము ప్రభుత్వము నుండి ఇంగ్లీషువారి చేతికి వచ్చెను. 1874లో అవి మన గోదావరి జిల్లాలో చేర్చబడెను. కావున ఆ కోయలు మనకు పరాయివారు కారు. ఒకే నది నీరు త్రాగినవారము.

హేగ్ గారు ఆనకట్ట కట్టుటకు పంపబడినవాడు గాని బోధ చేయుటకు పంపబడినవాడు కాడు. తన జీతము ఆ పనికే. అయినను రాళ్లు మోయుటకు వచ్చిన కూలీలను, అడవి అంచున నిలిచి చూచుచుండిన కోయలను చూచినప్పుడు ఆయన మనస్సు ఊరకుండలేదు. 1860లో ఆయన చర్చి మిషనరీ సొసైటీవారికి మొరపెట్టి, కోయల యొద్దకు సేవకులను పంపుడని కోరెను. ఆ సొసైటీవారు 1841 నుండి బందరులో పనిచేయుచుండిరి. నోబుల్ గారు, ఫాక్స్ గారు ఆ పనికి పునాది వేసినవారు. ఈ విధముగా దుమ్ముగూడెములో కోయ మిషను ఆరంభమాయెను.

అయితే పనివాడెవడు? ఇక్కడ మనము కొంచెము నిలిచి ఆలోచింపవలెను. సముద్రమవతల నుండి రావలసినవాని కొరకు కనిపెట్టుచుండగా, దేవుడు పనివానిని హేగ్ గారి కచేరీలోనే చూపించెను. ఆయన వెంకటరామరాజు గారు. దుమ్ముగూడెపు పనిలో భోజన సామగ్రి శాఖకు ఆయన పెద్ద. అడవిలో వేలకొలది కూలీలు పనిచేయుచోట బియ్యము, ఉప్పు, పప్పు ఎవరి చేతిలోనున్నవో ఆయనే అక్కడ గొప్పవాడని మీకు తెలియును. అంగడి లేని చోట కొట్టు తాళపుచెవి కిరీటము వంటిది. ఆయన క్రీస్తును అంగీకరించి బాప్తిస్మము పొందెను. పిమ్మట ఆ ఉద్యోగమును విడిచి, కోయలకు సువార్తికుడుగా నిలిచెను. కొన్ని సంవత్సరములకు గురుపట్టమును కూడ పొందెను.

ప్రియులారా, ఆ కాలమున తెలుగు దేశములో ఇట్టివాడు బాప్తిస్మము పొందుట యనగా ఇంటి వాకిలి మూసికొనిపోవుటే. ఉద్యోగము పోగొట్టుకొనుట దానికి పైన మరియొక దెబ్బ. కొట్టు తాళము అప్పగించి, మలేరియా జ్వరము కూర్చుండియున్న అడవిలో ఉప్పు కొనుటకు గాక సువార్త చెప్పుటకు ఆయన తిరిగెను. మత్తయి సుంకపు మెట్టు నుండి లేచిన సంగతిని మనము అనేక పర్యాయములు చదివియున్నాము. గోదావరి గట్టున అట్టి సంగతి జరిగెనని మనలో ఎందరికి తెలియును?

పని మెల్లగా సాగెను. డెల్టా పేటలలో 1880ల నుండి కుటుంబములు గుంపులుగా వచ్చినట్లు కోయలు రాలేదు. నేడు ఒకచోట పదియిండ్లు ఉండును. ఏడాది తిరిగి వచ్చిన బోధకునికి అక్కడ బూడిదయే కనబడును. భాష వేరు, భయము పాతది. ఇంజనీరు దొరగారి మనిషి వచ్చి దేవుని గూర్చి చెప్పునప్పుడు, అది సర్కారు ఆజ్ఞ యేమోనని కోయలు అనుమానించినను వారిని తప్పు పట్టలేము. అధికారము చెంతనుండి పలుకబడిన సువార్తకు ఈ చిక్కు ఎప్పుడును ఉండును. 1879లో రంపదేశమున పితూరీ లేచినప్పుడు దాని వేడి రేకపల్లి వరకు తగిలెను. పోడు మీదను కల్లు మీదను పన్నులు, మన్సబుదారుని బాధలు, షాహుకార్ల దావాలు కొండవారిని విసికించియుండెను. అట్టి కాలమున కొండవారి నమ్మకము సంపాదించుట కట్టుకథ చెప్పినంత సులువు కాదు.

ఆ పనిని 1870ల నుండి అనేక సంవత్సరములు మోసినవారు జాన్ కెయిన్ గారు. ఆయన భద్రాచలము, రేకపల్లి తాలూకాల జనులను గూర్చి 1876 మొదలుకొని వ్రాసిన వ్యాసములను నేటికిని పండితులు చదువుదురు. వారి పాటలు, పండుగలు, పెండ్లి ఆచారములు ఓపికతో విని వ్రాసికొనెను. తాను బోధింపవలసినవారి మాటను మొదట విననివాడు బోధకుడు కాలేడు.

ఇంతలో ఒక గొప్ప ఆశాభంగము సంభవించెను. ఎగువ గోదావరి పడవ దారికి చాల ధనము ఖర్చాయెను. లాభము కనబడలేదు. రైలు దారులు వచ్చుచుండెను. 1871లో ప్రభుత్వమువారు ఆ పనిని నిలిపివేసిరి. పైనున్న రెండు అడ్డములు అట్లే మిగిలెను. వేలకొలది కూలీలు మూటలు కట్టుకొని పోయిరి. హేగ్ గారు తన యౌవనమును ధారపోసిన పని కాగితములలోనికి పోయెను. అయితే ఏ పనికి ఆయనను ఎవరును నియమింపలేదో, ఏ పనికి జీతము లేదో, ఆ పని మాత్రము నిలిచెను. కూలీలు పోయిన తరువాతను ప్రార్థన గంట అడవిలో ఆగలేదు.

హేగ్ గారు ఉద్యోగములో జనరల్ పదవి వరకు ఎక్కి విరమించిరి. అటువంటివారు స్వదేశమున తోటలో కూర్చుండి విశ్రాంతి పొందుట వాడుక. ఆయన మాత్రము 1880 తరువాతి యేండ్లలో మరల దుమ్ముగూడెమునకు వచ్చి, కెయిన్ గారు లేని కాలమున ఆ మిషను పనిని చూచెను. ఈ పర్యాయము దళము లేదు, కచేరీ లేదు, హుకుము లేదు. ఒకప్పుడు అధికారిగా తిరిగిన గట్టున సేవకుడుగా నడచెను. లూకా సువార్త కోయ మాటలోనికి వచ్చుటలో ఆయన చేతి కష్టము కలదు. పిమ్మట 1886, 1887 సంవత్సరములలో ఎఱ్ఱ సముద్రపు తీరములను, అరేబియా దేశమును తిరిగి, అక్కడి సువార్త అవసరతను లోకమునకు తెలియజేసెను. ఆయన వ్రాతల వలన కదిలింపబడిన కీత్ ఫాల్కనర్ గారు ఏడెనులో పని ఆరంభించి 1887లో అక్కడనే జ్వరముతో చనిపోయిరి. హేగ్ గారు 1901లో ప్రభువునందు నిద్రించిరి.

దుమ్ముగూడెము నేడు తెలంగాణములో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిది. ఆ ఆనకట్ట ఇప్పటికిని నిలిచియున్నది. హేగ్ గారు కోరినంత పైరును ఆయన చూడలేదు. అయినను నాటుట మానలేదు.

ఈ జీవితము నుండి మన సంఘములకు మూడు సంగతులు తీసికొందము. మొదటిది, చేయుచున్న ఉద్యోగములోనే దేవుడు చూపు పొలమును చూడవలెను. బస్సు నడుపువారు, బడిపంతులు, దాది, చింతపండు బేరగాడు, వీరికి మన్యపు దారులు కాపరులకంటె బాగుగా తెలియును. రెండవది, పనివాడు ఎక్కడనుండియో వచ్చునని ఎదురుచూడరాదు. వెంకటరామరాజు గారు ప్రక్క గదిలోనే యుండెను. మన ప్రక్క గదిలో ఎవరున్నారు?

మూడవది కొంచెము కఠినముగా చెప్పవలసియున్నది. కొండకు పోవు క్రైస్తవుని చేతిలోని తక్కెడ సరిగా ఉండవలెను. గిరిజనుల భూమి ఇతరులకు పోకుండ 1917లోనే ఏజన్సీ చట్టము వచ్చెను. 1970లో వచ్చిన 1/70 చట్టము ప్రకారము ఏజన్సీలో గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనరాదు. అయినను మారుపేరుతో పొలము సంపాదించువారు కలరు. ఆదివారము కొండవారి కొరకు ప్రార్థించి, సోమవారము వారి పొలము మీద కన్ను వేయువాడు నాటుటకు పోవుట లేదు, పెరుకుటకు పోవుచున్నాడు. అట్టివాడు మన మధ్య నుండినయెడల మొదట ఇచ్చివేయవలసినది ఇచ్చివేయునుగాక. జక్కయ్య ఆ విధముగానే ఆరంభించెను.

కుటుంబ ప్రార్థనలో ఈ నెల మొదటి కొరింథీ 3వ అధ్యాయమును, లూకా 8, 19 అధ్యాయములను, యెషయా 52వ అధ్యాయమును చదువుడి. కొండల పైనుండి శుభవార్త తెచ్చువాని పాదములను గూర్చి అక్కడ ప్రవక్త చెప్పినది చదివినప్పుడు, మీ యింటిలోనివారి పాదములను ఒకమారు చూడుడి. నెలాఖరు ఆదివారమున ఆరాధన పిమ్మట, మన్యమునకు పోవుటకు ఇష్టపడువారు మా యొద్దకు రావలెను. ఎవరును రానియెడల మేమే మొదట పోవుదుమని ప్రభువు ఎదుట నిశ్చయించుకొనియున్నాము. మా కొరకు ప్రార్థించుడి. వృద్ధి కలుగజేయు దేవునికే మహిమ కలుగును గాక. ఆమేన్.