ఓడలు కట్టించిన వాల్‌చంద్ హీరాచంద్

మా ఊరు గోదారి ఒడ్డున ఉంది. నాటుపడవలు, లాంచీలు చూశాను గానీ సముద్రంలో పోయే ఓడను ఇంకా చూడలేదు. విశాఖపట్నంలో ఓడలు కట్టించిన వాల్‌చంద్ హీరాచంద్ గారి గురించి మా సోషల్ సారు చెప్పారు. అది మీకూ చెప్తాను.

ఆయన 1882లో షోలాపూర్‌లో పుట్టారు. మొదట రైలు పనుల కాంట్రాక్టులు చేశారు. అప్పట్లో సముద్ర వ్యాపారం అంతా తెల్లవాళ్ళ కంపెనీల చేతిలో ఉండేది. 1919లో ఆయన మరికొందరితో కలిసి సింధియా ఓడల కంపెనీ పెట్టారు. వాళ్ళ మొదటి ఓడ ‘లాయల్టీ’ గ్వాలియర్ మహారాజు దగ్గర కొన్నది. మొదటి ప్రపంచ యుద్ధంలో అది గాయపడ్డ సైనికులకు ఆస్పత్రి. కానీ కొన్న ఓడ వేరు, మనం కట్టిన ఓడ వేరు కదా!

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే 1941 జూన్ 21న విశాఖలో ఓడల కర్మాగారానికి రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసినయి. జనం ఊరు విడిచి పోయారు. పని కుంటుపడింది. అయినా ఆయన వదల్లేదు. 1948 మార్చి 14న నెహ్రూ గారి చేతుల మీదుగా మొదటి ఓడ ‘జల ఉష’ నీళ్ళలోకి దిగింది. 1953లో వాల్‌చంద్ గారు చనిపోయారు.

ఆయన పేరు అందరికీ తెలుసు. ఆ ఓడకు ఇనుము మోసిన కూలీల పేర్లు తెలియవు. మా నాయన కూడా కూలికే పోతాడు, అందుకే వాళ్ళు గుర్తొచ్చారు.

మా ఇంట్లో బడికొచ్చింది నేనే మొదలు. లెక్కలు రాక పోయినేడు చదువు మానేద్దామనుకున్నా. ఒక్క ఓడ నీళ్ళు చూడటానికే ఏడేండ్లు పట్టిందంట. పది పాసయ్యేదాకా నేను ఓపిక పట్టలేనా?