విజ్ఞానదాత హాల్డేన్

ఒకే తల్లి కడుపున పుట్టిన బిడ్డలలో ఒకరికి తాతగారి నుదురు వస్తే, మరొకరికి అమ్మమ్మ కళ్ళు వస్తాయి. ఈ వైవిధ్యానికి మూలం బీజకణాల పుట్టుకలోనే ఉంది. మానవ కణంలో 23 జతల క్రోమోజోములుంటాయి. బీజకణాలు ఏర్పడేటప్పుడు జరిగే క్షయకరణ విభజనలో ఈ జతలు విడిపోయి, ఒక్కొక్క బీజకణానికి జతకొకటి చొప్పున 23 మాత్రమే చేరుతాయి. ఏ జతలో ఏది ఎటు పోతుందన్నది యాదృచ్ఛికం. ఈ ఒక్క కారణం చేతనే ఒక వ్యక్తిలో 83 లక్షలకు పైగా కూర్పులు సాధ్యమవుతాయి. అంతేకాక, విడిపోవడానికి ముందు జత క్రోమోజోములు పెనవేసుకొని కొన్ని భాగాలను ఇచ్చిపుచ్చుకుంటాయి. దీనినే వినిమయం అంటారు. ఈ వినిమయానికి గణితంతో కొలత కట్టిన మేధావి జె.బి.ఎస్. హాల్డేన్.

హాల్డేన్ 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ ప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రవేత్త. బాల్యం నుండి తండ్రి ప్రయోగాలలో పాలుపంచుకున్న హాల్డేన్, విశ్వవిద్యాలయంలో మాత్రం గణితాన్ని, గ్రీకు లాటిన్ సాహిత్యాలను అభ్యసించారు. విజ్ఞానశాస్త్రంలో ఆయనకు పట్టా లేదు. చెల్లెలు నవోమీతోను, మిత్రుడు స్ప్రంట్‌తోను కలిసి ఎలుకలపై చేసిన పరిశోధన 1915లో వెలువడింది. కొన్ని జన్యువులు ఒకదానినొకటి అంటిపెట్టుకొని సంక్రమిస్తాయని అది వెల్లడించింది. అప్పటికే స్ప్రంట్ ప్రపంచయుద్ధంలో అసువులు బాశారు. హాల్డేన్ సైతం రణరంగంలో గాయపడ్డారు.

జన్యువుల నడుమ దూరం పెరిగినకొద్దీ వినిమయానికి అవకాశం హెచ్చుతుంది. ఆ దూరాన్ని గణించే సమీకరణాన్ని హాల్డేన్ 1919లో రూపొందించారు. హీమోఫిలియాకు, వర్ణాంధత్వానికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోముపై చేరువగా ఉన్నాయని 1937లో జూలియా బెల్‌తో కలిసి నిరూపించారు.

1957లో భార్య హెలెన్ స్పర్వేతో భారతదేశానికి వచ్చి, కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరారు. 1961లో భారత పౌరసత్వం స్వీకరించారు. అక్కడ ఆయన శిష్యులలో ఒకరైన ద్రోణంరాజు కృష్ణారావు తెలుగువారు. ఆయన ఆంధ్రదేశంలోని మేనరికాలపై పరిశోధన చేశారు. రక్తసంబంధీకుల వివాహాలలో, ఒకే పూర్వీకుని నుండి దిగివచ్చిన లోపజన్యువు తల్లి నుండీ తండ్రి నుండీ కూడా బిడ్డకు చేరే అవకాశం ఎక్కువ. ఎంత కలిపినా ఇరువైపులా ఉన్నవి అవే గింజలైతే కొత్తదనం ఎక్కడిది? మేనరికం తలపెట్టే ప్రతి కుటుంబమూ యోచింపదగిన విషయమిది.

1962లో హాల్డేన్ భువనేశ్వర్ చేరారు. క్యాన్సర్ సోకినా ఆయన అధైర్యపడలేదు. ఆ వ్యాధి మీదనే హాస్యకవిత రచించి, ఆలస్యం చేయక వైద్యుని ఆశ్రయించవలసిందిగా లోకానికి హితవు చెప్పారు. 1964 డిసెంబరు 1న కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. ఆ విధంగా ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన ఆ దేహం తెలుగు విద్యార్థులకు పాఠమైంది. పుట్టుకతో వచ్చిన సంపదను ప్రకృతియే పంచిపెడుతుంది. ఆర్జించిన జ్ఞానాన్ని పంచవలసినవాడు మానవుడే. హాల్డేన్ తన దేహాన్ని సైతం పంచి ధన్యులైనారు.