విశ్రాంతి ఎరుగని లాన్స్‌ఫీల్డ్

ల్యాబ్ టెక్నీషియన్‌గా రిటైరైన నాకు రెబెకా లాన్స్‌ఫీల్డ్ అంటే ఎనలేని గౌరవం. 1895లో జన్మించిన ఈ అమెరికన్, 1918లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో టెక్నీషియన్‌గానే చేరారు.

నెత్తురు కలిపిన అగార్ ప్లేటులో స్ట్రెప్టోకాకస్ క్రిములు ఎర్రకణాలను కరిగిస్తే చుట్టూ తేటవలయం ఏర్పడుతుంది. వలయం ఒకలాగే ఉన్నా క్రిములన్నీ ఒకటి కావు. ఆమె క్రిమి కణకవచంలోని పిండిపదార్థాన్ని వేడి ఆమ్లంతో బయటకు తీసి, కుందేలు సీరంతో కలిపారు. ఏ సీరంతో తెల్లని మడ్డి ఏర్పడిందో చూసి 1933లో వాటిని ఎ, బి, సి మొదలైన గ్రూపులుగా విడదీశారు. గొంతునొప్పితో మొదలై, వైద్యం అందకపోతే రుమాటిక్ జ్వరంగా మారి గుండె కవాటాలను పాడుచేయగలది ఎ గ్రూపు.

1965లో రిటైరైనా 1980 దాకా ల్యాబ్‌కు వెళ్తూనే ఉన్నారు. 1981లో కన్నుమూశారు.

మిత్రులారా, మనవల గొంతునొప్పిని అశ్రద్ధ చేయక డాక్టరుకు చూపించండి.