మార్కోని మహాశయుడు - గాలిలోని గుట్టు

గూలియెల్మో మార్కోని 1874 ఏప్రిల్ 25వ తేదీన ఇటలీ దేశమందలి బొలోన్యా నగరమున జన్మించెను. తండ్రి భూస్వామి, తల్లి ఐర్లండు వనిత. హెర్ట్జ్ పండితుడు నిరూపించిన విద్యుత్తరంగములను గూర్చి చదివి, తమ మేడపై గదిలోనే ప్రయోగము లారంభించి, 1895లో తీగ సాయము లేకయే మైలునకు పైబడిన దూరమునకు సంకేతములను పంపెను. మరుసటి యేట తల్లితో లండన్ చేరెను. 1899లో ఇంగ్లీషు కాలువను, 1901 డిసెంబరు 12న అట్లాంటిక్ మహాసముద్రమును ఆతని సంకేతములు దాటినవి.

అయిన నొక సందేహము జనులను వేధించుచుండెను. తీగలో పోవు వార్త తీగను వీడదు. గాలిలో పోవు వార్త దండోరా వంటిది; చెవి యున్న వారెల్లరు విందురు గదా! మార్కోని దీనికి సమాధానముగా 1900లో శ్రుతి కలుపు పద్ధతికి పేటెంటు తీసికొనెను. ఒకే శ్రుతికి అమర్చిన యంత్రములకు దక్క నితరములకు వార్త అందదని ఆతని విశ్వాసము.

నెవిల్ మాస్కెలిన్ అను ఇంద్రజాలికుడు దీనిని నమ్మలేదు. సముద్రగర్భ తంతి కంపెనీ యొకటి కోరగా, కారన్వాల్ తీరమున స్తంభము నెత్తి, మార్కోని వార్తలను సులభముగ పట్టి, 1902లో ఆ సంగతి ప్రకటించెను. 1903 జూన్‌లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఫ్లెమింగ్ ఆచార్యుడు ఉపన్యసించుచుండెను. కారన్వాల్‌లోని పోల్ధూ నుండి మార్కోని పంపు వార్త రావలసిన తరుణమున యంత్రము మరియొక వార్తను కొట్టసాగెను: ఎగతాళి మాటలు, మార్కోనిని వెక్కిరించు పద్యము! ఫ్లెమింగ్ ఆగ్రహించి టైమ్స్ పత్రికకు లేఖ వ్రాసెను. మాస్కెలిన్ దాపక, లోపము లోకమునకు చూపుటకే అట్లు చేసితినని బదులిచ్చెను.

ఆ లోపము వట్టి వినోదము కాదు. 1914 ఆగస్టులో రష్యా సేనలు సంకేతలిపి లేకయే వార్తలు పంపుకొనగా, జర్మనులు విని టానెన్‌బర్గ్ యుద్ధమున నొక సైన్యమునే నాశన మొనర్చిరి. కాని ఎల్లరు వినగల్గుటయే 1912లో టైటానిక్ ఓడ మునిగినపుడు సుమారు 700 మంది ప్రాణములు కాచినది.

మార్కోని తరువాత తరంగములను ఒకే దిశకు త్రిప్పు విధానమును పెంపొందించెను. 1927లో ఇంగ్లండు, భారతదేశముల నడుమ నట్టి మార్గ మేర్పడెను. దానివలన దారి యిరుకైనదే గాని, దారిలోని చెవి మూతపడలేదు. గుట్టు శ్రుతిలో లేదు, దిశలో లేదు; వార్తకు వేయు సంకేతలిపి యను తాళములో నున్నది. నేటి చేతిఫోనులకును ఇదియే ధర్మము. తాళ మెంత గట్టిదైనను తాళపుచెవిని కాపాడుకొననిచో ఫలము లేదు.

1909లో బ్రౌన్ పండితునితో కలిసి నోబెల్ బహుమానము నందుకొన్న మార్కోని 1937 జూలై 20న రోమ్ నగరమున మరణించెను. ఆతని గౌరవార్థము బ్రిటన్‌లోని నిస్తంతి కేంద్రములు రెండు నిమిషములు మౌనము వహించినవి. ఆ రెండు నిమిషములు గాలిలో వినదగిన దేదియు లేకుండెను.