ఇస్తాంబుల్ డాక్టరు నేర్పిన పాఠం

మన బడి విడిచి న్యూరాలజిస్టునయ్యాక, నేను గురువుగా తలచుకునేవారిలో ఎన్నడూ చూడని ఒకాయన ఉన్నారు: డాక్టర్ హులూసి బెహ్చెట్.

ఆయన 1889లో ఇస్తాంబుల్‌లో పుట్టారు. చిన్నప్పుడే తల్లి పోయింది. 1910లో వైద్యవిద్య ముగించి సైనిక ఆసుపత్రుల్లో పనిచేశారు. 1933లో ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయంలో చర్మవ్యాధుల ఆచార్యులయ్యారు. కొందరు రోగులకు నోట్లో, మర్మాంగాల దగ్గర పుండ్లు, కంట్లో వాపు పదేపదే వచ్చేవి. ఆయన వాళ్లను ఏళ్ల తరబడి గమనించి, ఈ మూడూ ఒకే జబ్బని 1937లో ప్రకటించారు. చాలామంది వెంటనే ఒప్పుకోలేదు. 1947లో జెనీవా సదస్సులో ఆ జబ్బుకు ఆయన పేరు పెట్టారు. మరుసటి ఏడే కన్నుమూశారు.

రోగనిరోధక శక్తి మన రక్తనాళాల మీదికే తిరగబడే జబ్బు అది. కొందరిలో మెదడుకూ పాకుతుంది. తలనొప్పి, తూలు, మాట తడబాటు వస్తాయి. నిర్ధారించే రక్తపరీక్ష నేటికీ లేదు. ఎం.ఆర్.ఐ. చూసి క్షయ అనో, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనో పొరబడవచ్చు.

నేనూ పొరబడ్డాను. తూలుతూ వచ్చిన ఒక కుర్రాడికి క్షయ మందులు మొదలుపెట్టాను. ఏళ్లుగా నోటిపూత ఉందని మూడు వారాల తర్వాత వాళ్లమ్మ మాటల్లో తెలిసింది. అంతవరకూ నేను అడగలేదు. స్టెరాయిడ్లతో కోలుకున్నాడు గానీ, ఒక కాలు ఈడ్పు మిగిలిపోయింది.

పువ్వు బొమ్మ గీసేముందు మొక్కంతా చూడమనేవారు మన జీవశాస్త్రం మాస్టారు. బెహ్చెట్ చేసిందీ అదే. ఇప్పుడు తలనొప్పితో వచ్చినవారినీ ముందు నోరు తెరవమంటాను.